చలికాలపు మైళ్లు కూడా లేబుల్ మీద అచ్చు వేయండి

ఎలక్ట్రిక్ కార్లు తయారుచేసే సంస్థల యాజమాన్యాలకు, వాటిని అమ్మే డీలర్లకు, కారు అద్దానికి అంటించే రేంజి (ఒకసారి పూర్తిగా ఛార్జి చేస్తే కారు వెళ్లే దూరం) లేబుల్ నిబంధనలను రూపొందించే అధికారులకు,

నమస్కారం.

నేను షికాగో శివారు నేపర్‌విల్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ణి. మా ఇంట్లో మూడేళ్లుగా ఎలక్ట్రిక్ కారే ఉంది, దాన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు. కనుక ఈ లేఖను ఎలక్ట్రిక్ కార్ల మీద కోపంతో రాసినదిగా తీసుకోవద్దని మొదటే మనవి చేస్తున్నాను. ఈ విషయం మీద మా కారు తయారుచేసిన సంస్థకు రెండుసార్లు, ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఒకసారి ఇంగ్లీషులో రాశాను. సంస్థ నుంచి నాలుగు వాక్యాల జవాబు వచ్చింది: మీ బ్యాటరీ ఆరోగ్యంగానే ఉంది, చలిలో రేంజి తగ్గడం సహజం, వివరాలు కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉన్నాయి, మా కారు కొన్నందుకు కృతజ్ఞతలు. రెండోసారి రాసినప్పుడు తేదీ ఒక్కటి మారి అవే నాలుగు వాక్యాలు మళ్లీ వచ్చాయి. కార్యాలయం నుంచి ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా, ముఖ్యంగా ఇక్కడి చలి ప్రాంతాల్లో ఉంటూ ఇలాంటి కారు కొనాలని చూస్తున్న మా తెలుగువాళ్లు చదివేలా రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను. 2025 జనవరి 20, సోమవారం. మరునాడు మా అమ్మాయికి షాంపేన్‌లోని విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలు. మా ఇంటి నుంచి అక్కడికి సుమారు 133 మైళ్లు. నేను, నా భార్య, అమ్మాయి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు కలిసి ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాం. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంది. తెర మీద ఎడమ మూల 258 మైళ్లు అని ఉంది. అదే తెర మీద కుడి మూల బయటి ఉష్ణోగ్రత 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో మైనస్ 17 అని ఉంది. ఒకే తెర మీద, జానెడు దూరంలో ఉన్న ఈ రెండు అంకెలకూ ఒకదానితో ఒకదానికి పరిచయం లేదు. లేబుల్ మీద అచ్చయిన 258ని, లేబుల్ పరీక్షలో ఎన్నడూ చూడని చలిలో, కారు మాకు యథాతథంగా అప్పజెప్పింది.

కాంకకీ దాటేటప్పటికి 55 మైళ్లు నడిచాం. తెర మీద 155 కనిపించింది. అంటే 55 మైళ్ల దారికి 103 మైళ్లు కరిగిపోయాయి. ఇంకా 78 మైళ్లు ఉంది. అదే లెక్కన పోతే ఆ 78 మైళ్లకు 146 కావాలి. ఉన్నది 155, దారికి అటూ ఇటూ మంచు కప్పిన మొక్కజొన్న చేలు. హీటరు ఆపేశాను. వేగం 70 నుంచి 60కి తగ్గించాను. పది నిమిషాల్లో మా ఊపిరి ముందు అద్దానికి లోపలివైపు పట్టి గడ్డకట్టడం మొదలుపెట్టింది. అమ్మాయి ముందు సీట్లో కూర్చుని తన ఉన్ని మేజోడుతో అద్దం తుడుస్తూనే ఉంది. వెనక శాలువాలో ముడుచుకుని కూర్చున్న మా అత్తగారు కాసేపు ఊరుకుని, 'ఇంత డబ్బు పోసి కొన్న బండిలో కుంపటి వెలిగించుకునే యోగం కూడా లేదా బాబూ' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. 13 శాతం మిగిలి ఉండగా షాంపేన్ చేరాం. అక్కడ నాలుగు ఛార్జర్లలో ఒకటి పనిచేయడం లేదు, మిగతా మూడింటి దగ్గర వరుస. యాభై నిమిషాలు ఆగి తగిలిస్తే, 150 కిలోవాట్లు అని బోర్డు ఉన్న చోట 41 కిలోవాట్లు మాత్రమే ఎక్కింది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. కాంకకీలో మళ్లీ ఆగి, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర.

మా కారులో లోపం లేదు. ఆ మాట సంస్థ వాళ్లు చెప్పింది నిజమే, నేనూ ఒప్పుకుంటున్నాను. 133 మైళ్లకు 87 శాతం ఖర్చయిందంటే నూటికి నూరు మీద సుమారు 153 మైళ్లు, అంటే లేబుల్ మీద రాసిన దానిలో 41 శాతం తక్కువ. 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ అయిదు రకాల ఎలక్ట్రిక్ కార్లను మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటరు వేసి పరీక్షించినప్పుడు సగటున వచ్చిన తగ్గుదల కూడా సరిగ్గా 41 శాతమే. హీటరు వేయకుండా చూస్తే ఆ తగ్గుదల 12 శాతం. మాకు మరింత చలిలో అంతే తగ్గిందంటే, సగం దారి వణుకుతూ ప్రయాణించాం కాబట్టి. అప్పటి నుంచి ఇప్పటిదాకా కార్లు మెరుగుపడ్డాయి, కాదనను. కానీ నేను ఎదుర్కొన్నది ఎవరూ ఊహించని వింత కాదు. కొలిచి, అచ్చువేసి, అందరికీ తెలిసిన సంగతి. తెలియనిది కొనేవాడికి ఒక్కడికే. నా ఫిర్యాదు ఇదే.

చలి ఏం చేస్తుందో సామాన్య పాఠకుల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. చలికాలంలో మన ఇళ్లలో కొబ్బరినూనె సీసాలో ఎలా గడ్డకడుతుందో అందరూ చూసిందే. బ్యాటరీలోని ద్రవం అంతలా గడ్డకట్టదు గానీ చిక్కబడుతుంది. విద్యుత్తును మోసే లిథియం అయాన్లు అందులో ఈదడం కష్టమై, లోపలి నిరోధం పెరిగి, బ్యాటరీ ఇవ్వాల్సిన శక్తిలో కొంత అక్కడే ఖర్చవుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాల నుంచి శక్తిని వెనక్కి తీసుకునే ఏర్పాటును కూడా చలిలో కారే తగ్గించేస్తుంది. ఎందుకంటే చల్లటి బ్యాటరీలోకి బలవంతంగా విద్యుత్తు ఎక్కిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా చెడిపోతుంది. ఛార్జర్ దగ్గర 150కి బదులు 41 రావడానికీ కారణం అదే. కారు తన బ్యాటరీని తాను కాపాడుకుంటోంది. అందులో తప్పేమీ లేదు.

అసలు దెబ్బ హీటరుది. పెట్రోలు కారులో ఇంధనంలో మూడింట రెండు వంతుల శక్తి ఎలాగూ వేడిగా వృథా అవుతుంది కాబట్టి, అందులోంచి కొంత లోపలికి మళ్లిస్తే కూర్చున్నవాళ్లకు ఖర్చు లేకుండా వెచ్చదనం వస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు అంత వృథా చేయదు. దాని గొప్పతనమే చలికాలంలో దానికి ఇబ్బంది. వేడిని బ్యాటరీ నుంచే పుట్టించాలి. మన ఇళ్లలో స్నానానికి వాడే గీజరు 2 కిలోవాట్లు లాగుతుంది. గడ్డకట్టిన ఉదయం బయలుదేరగానే మామూలు తీగ హీటరు అలాంటి రెండు మూడు గీజర్లంత లాగుతుంది. ఇందులో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. హైవే మీద వేగంగా పోయే కారుకు నడకకే 20 కిలోవాట్ల దాకా కావాలి, దాని పక్కన హీటరు వాటా ఓ పావు వంతు. ఊళ్లో మంచు ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే కారుకు నడకకు అయ్యేది తక్కువ, హీటరుకు అయ్యేది మాత్రం అంతే. ఎర్ర దీపం దగ్గర నిలబడ్డ కారు మైళ్లు పోదు, కిలోవాట్లు తింటూనే ఉంటుంది. అందుకే 'ఊళ్లో తిరగడానికి ఎలక్ట్రిక్ కారుకు మించింది లేదు' అని మీ సేల్స్‌మన్ చెప్పే మాట మే నెలలో ఎంత నిజమో జనవరిలో అంత నిజం కాదు.

గాలి సంగతి కూడా ఉంది. 25 డిగ్రీల గాలి కంటే మైనస్ 7 డిగ్రీల గాలి 12 శాతం బరువు. ఆ బరువును చీల్చుకుంటూ పోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పౌండు (పీఎస్ఐ) తగ్గుతుంది. ఇవి పెట్రోలు కార్లకూ తప్పవు. అవి కూడా మైనస్ 7 డిగ్రీల దగ్గర ఊళ్లో సుమారు 15 శాతం మైలేజీ పోగొట్టుకుంటాయని, మరీ చిన్న ప్రయాణాల్లో అది 24 శాతం దాకా వెళ్తుందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. కానీ పెట్రోలు బంకు ప్రతి కూడలిలోనూ ఉంటుంది, అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకే అక్కడ ఆ నష్టం ఎవరికీ కనిపించదు. ఇక్కడ అదే నష్టం ముసలివాళ్లతో, చంటిపిల్లలతో చలిలో రోడ్డు పక్కన నిలబెడుతుంది.

ఇప్పుడు లేబుల్ విషయానికి వస్తాను. అమెరికాలో ప్రతి కొత్త కారు అద్దానికి అంటించే రేంజి అంకె అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) నిర్దేశించిన పరీక్షల నుంచి వస్తుంది. కారును గదిలో రోలర్ల మీద, 20 నుంచి 30 డిగ్రీల హాయైన వాతావరణంలో, ఊరి నడక ఒకటి, హైవే నడక ఒకటి నడిపిస్తారు. వచ్చిన మైళ్లను సాధారణంగా 0.7తో గుణిస్తారు. వేగం, ఏసీ, చలి, కొండ ఎక్కడం అన్నీ ఆ 0.7లోనే కలిసిపోయాయి. ఎండల ఫీనిక్స్‌లో ఉన్నవాడికీ మంచు మినియాపొలిస్‌లో ఉన్నవాడికీ, జూలైకీ జనవరికీ అదే అంకె. సంస్థలు కోరుకుంటే మైనస్ 7 డిగ్రీల పరీక్షతో సహా అయిదు పరీక్షలు చేసి తమ సొంత గుణకం తెచ్చుకోవచ్చు. అంటే చలి పరీక్ష ఎలా చేయాలో ఇప్పటికే రాసి ఉంది, చేయడానికి యంత్రాలు ఉన్నాయి, చేస్తున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆ అయిదు పరీక్షలు చేసినా ఫలితం చివరికి ఒక్క అంకెలోనే కరిగిపోతుంది. చలి అంకె విడిగా కొనేవాడి కంటికి కనిపించదు.

మా ఇంటి నుంచి అరగంట దూరంలో లెమాంట్ ఉంది. ఇక్కడి తెలుగువాళ్లందరికీ గుట్ట మీది రాములవారి గుడి వల్ల తెలిసిన ఊరు. ఆ ఊరి పక్కనే ఆర్గాన్ జాతీయ పరిశోధనశాల ఉంది. అందులో కార్లను మైనస్ 7 డిగ్రీల చలిలోనూ 35 డిగ్రీల వేడిలోనూ రోలర్ల మీద నడిపి కొలిచే ప్రత్యేకమైన గది ఉంది. గుడికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ గది గుర్తొస్తుంది. కొలత అక్కడ జరుగుతోంది, గుడి పార్కింగులో నిలిపిన కార్ల మీద మాత్రం ఆ అంకె లేదు.

'ఇది సాధ్యం కాదు, కొనేవాళ్లు గందరగోళపడతారు' అనేవారికి దక్షిణ కొరియాను చూపిస్తాను. అక్కడి ప్రభుత్వం ప్రతి ఎలక్ట్రిక్ కారుకూ మామూలు ఉష్ణోగ్రత దగ్గర రేంజి ఒకటి, చలిలో రేంజి ఒకటి, రెండూ విడివిడిగా ప్రకటిస్తుంది. ప్రభుత్వమిచ్చే రాయితీకి కూడా చలిలో కారు ఎంత నిలబడిందన్నది లెక్కలోకి వస్తుంది. 2023 జనవరిలో ఆ దేశపు ఫెయిర్ ట్రేడ్ కమిషన్, చలిలో రేంజి తగ్గుతుందన్న సంగతి కొనేవాళ్లకు సరిగా చెప్పలేదని టెస్లాకు 285 కోట్ల వోన్ల జరిమానా వేసింది. ప్రకటించిన దానిలో 50.5 శాతం దాకా తగ్గవచ్చని ఆ కమిషనే తేల్చింది. సియోల్‌లో చెప్పగలిగిన మాట షికాగోలో ఎందుకు చెప్పలేరు? రెండు చోట్లా అమ్ముడయ్యేవి చాలావరకు అవే కార్లు.

నార్వేలో మోటారు వాహనదారుల సమాఖ్య 2020 నుంచి ఏటా చలికాలంలో కార్లను నిజమైన మంచు రోడ్ల మీద, బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా నడిపి ఫలితాలు బయటపెడుతోంది. మొదటి ఏడు సగటున 18.5 శాతం తగ్గుదల కనిపించింది. కార్లకూ కార్లకూ మధ్య తేడా మాత్రం చాలా ఉంది, ఆ తేడాయే కొనేవాడికి కావలసింది. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. చలి అంకె చెబితే జనం పారిపోతారన్న భయానికి ఇంతకంటే వేరే సమాధానం అక్కర్లేదు. ఇళ్ల దగ్గర ఛార్జింగు, రోడ్ల వెంట ఛార్జర్లు అక్కడ బాగా ఉన్నాయన్నది నిజం. మనకు ఆ వసతి అంతగా లేదు కాబట్టి మనకు ఆ అంకె మరింత అవసరం.

ఈ ఒక్క అంకె లేకపోవడం వల్ల మామూలు మనుషులకు కలుగుతున్న కష్టాలను మీ దృష్టికి తెస్తున్నాను.

1. అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు. అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు, ఉద్యోగాల్లో చేరి ఏడాది రెండేళ్లయిన జంటలు ఎక్కువమంది ఉండేది వీటిలోనే. రాత్రంతా కారు బయట మంచులో ఉంటుంది. గోడకు ప్లగ్గు లేదు. 'బయలుదేరే ముందు కారు ప్లగ్గుకు ఉండగానే వేడి చేసుకోండి, అప్పుడు బ్యాటరీ ఖర్చు కాదు' అని మీ పుస్తకం ఇచ్చే సలహా మంచిదే, సొంత గ్యారేజీ ఉన్నవాడికి. వీళ్లు బ్యాటరీ నుంచే వేడి చేసుకుని, ఆ తరవాత పబ్లిక్ ఛార్జర్ వరుసలో నిలబడాలి. లేబుల్ అంకెను నమ్మి 'వారానికి ఒకసారి ఛార్జి చేస్తే చాలు' అనుకుని కొన్నవాళ్లు జనవరిలో వారానికి రెండు మూడు సాయంత్రాలు అక్కడే గడుపుతున్నారు.

2. కారు నడిపి బతికేవాళ్లు. 2024 జనవరి మధ్యలో షికాగోలో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కంటే కిందికి పడిపోయినప్పుడు ఓక్ బ్రూక్, ఎవర్‌గ్రీన్ పార్క్ ఛార్జింగు కేంద్రాల దగ్గర కార్లు గంటల తరబడి వరుసలు కట్టిన దృశ్యాలు, వరుసలోనే బ్యాటరీ చచ్చిపోయి ట్రక్కుల మీద లాక్కెళ్లిన కార్ల దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ వరుసల్లో ట్యాక్సీ యాప్‌ల కోసం బండి నడిపేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆ గంటలు విసుగుతో పోయేవి కావు, ఆ రోజు కూలి పోతుంది. న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ ట్యాక్సీలను పరిశీలించిన ఐడహో జాతీయ పరిశోధనశాల, 25 డిగ్రీల దగ్గర ఎక్కినంత ఛార్జి అదే సమయంలో సున్నా డిగ్రీల దగ్గర ఎక్కదని, 36 శాతం దాకా తగ్గవచ్చని 2018లోనే చెప్పింది. రేంజి తగ్గి, ఛార్జర్ దగ్గర ఉండే సమయం పెరిగితే, ఉన్న ఛార్జర్లే సగమైనట్టు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే వాళ్లు ఏ కారు తీసుకునేవారో, అసలు తీసుకునేవారో కాదో వాళ్లే నిర్ణయించుకునేవారు.

3. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు. పాత మోడళ్లలో లేబుల్ రేంజి 150 మైళ్లు ఉన్నవి చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి హీట్ పంప్ (తక్కువ విద్యుత్తుతో వెచ్చదనమిచ్చే పరికరం) లేదు. 41 శాతం తీసేస్తే 88 మైళ్లు. బ్యాటరీ వయసు వల్ల పోయినది దీనికి అదనం. చౌకగా వచ్చిందని కొన్న చిన్న ఉద్యోగి రోజూ నలభై మైళ్లు పోయి నలభై మైళ్లు రావాల్సి ఉంటే, అది అతనికి చలికాలంలో పనికొచ్చే బండి కాదు. ఆ మాట అతనికి డబ్బు కట్టకముందు చెప్పేవాళ్లు లేరు.

4. ముసలివాళ్లు, పిల్లలు. హీటరు ఆపుకుని మైళ్లు మిగుల్చుకోవడం మా ఇంట్లో జరిగినట్టే చాలా ఇళ్లలో జరుగుతోంది. చలికాలంలో ఎలక్ట్రిక్ కారు నడిపే మిత్రులను కదిలిస్తే 'మేమూ అంతే, సీటు హీటరు ఒక్కటే వేసుకుంటాం' అంటారు. సీటు హీటరు చిట్కా మంచిదే. కానీ అద్దం మీద మంచు పట్టి దారి కనిపించకపోవడం ప్రమాదం. డ్రైవరు కళ్ల ముందు చలి, రేంజి అనే రెండు భయాలు పెట్టి ఒకటి ఎంచుకోమనడం భద్రత అనిపించుకోదు.

5. ఎలక్ట్రిక్ కార్ల పేరు. అంకె దాచడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది మీరే. మంచులో ఆగిపోయిన ఒక్క కారు ఫొటో వందమంది ఫోన్లకు చేరుతుంది. 'చలిలో ఇవి నడవవు' అనే అబద్ధం మీరు చెప్పని నిజం ఖాళీగా వదిలిన చోటే పుడుతోంది.

కాబట్టి ఈ కింది వాటిని వచ్చే చలికాలం మొదలయ్యేలోగా అమలు చేయాలని కోరుతున్నాను.

1. లేబుల్ మీద ఇప్పుడున్న అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో, మైనస్ 7 డిగ్రీల దగ్గర లోపల హీటరు వేసి కొలిచిన రేంజి అచ్చు వేయాలి. ఊరికి ఒకటి, హైవేకి ఒకటి వేస్తే మరీ మంచిది. నిబంధన మారేదాకా ఆగనక్కర్లేదు. సంస్థలు తమంత తాముగా తమ వెబ్‌సైట్లలో, షోరూముల్లో ఈ అంకెను పెట్టడానికి అడ్డేమీ లేదు. పుస్తకం చివర్లో 'వాతావరణాన్ని బట్టి మారవచ్చు' అని సన్నటి అక్షరాల్లో రాయడాన్ని మేము సమాచారంగా పరిగణించలేం.

2. కారు తెర మీది అంచనా బయలుదేరక ముందే నిజం చెప్పాలి. బయటి ఉష్ణోగ్రత కారుకు తెలుసు. బ్యాటరీ ఎంత చల్లగా ఉందో తెలుసు. వెళ్లాల్సిన దారి చెబితే దూరం, ఎత్తుపల్లాలు, గాలి కూడా తెలుసుకోగలదు. ఇన్ని తెలిసి 258 అని చూపించడం తెలియక చేసే పొరపాటు కాదు. కొన్ని సంస్థల కార్లు దారి పెట్టుకుంటే గమ్యంలో ఎంత శాతం మిగులుతుందో చాలావరకు సరిగా చెబుతున్నాయి కాబట్టి, ఇది చేతకాని పని కాదని రుజువైంది. ఒక్క అంకెకు బదులు 'ఈ చలిలో 145 నుంచి 170' అని రెండు హద్దులు చూపించినా మాకు సంతోషమే. మొదట తక్కువ చెప్పి తరవాత ఎక్కువ వస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు.

3. హీట్ పంప్ ఉందో లేదో లేబుల్ మీదే రాయాలి. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే ఈ పరికరం తీగ హీటరు కంటే చాలా తక్కువ విద్యుత్తుతో అదే వెచ్చదనం ఇస్తుంది. చలి మరీ ముదిరితే దాని లాభం తగ్గుతుందన్న మాట కూడా రాయాలి. ఒకే మోడల్‌లో కొన్ని రకాలకు ఉండి కొన్నింటికి లేకపోవడం, అదనపు ప్యాకేజీలో కొనుక్కోవాల్సి రావడం కొనేవాళ్లకు కాగితాలు తిరగేస్తే తప్ప తెలియడం లేదు. చలి రాష్ట్రాల్లో అమ్మే ప్రతి కారులోనూ దీన్ని తప్పనిసరి చేయాలి.

4. ఛార్జింగు సమయానికి కూడా చలి అంకె కావాలి. '20 నిమిషాల్లో 80 శాతం' అని ప్రకటనల్లో చెప్పే ప్రతి సంస్థా సున్నా డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలో అదే ప్రకటనలో చెప్పాలి. బ్యాటరీని ఛార్జర్ చేరేలోగా వేడి చేసుకునే ఏర్పాటు కారులో ఉంటే, దాన్ని చేత్తో నొక్కి మొదలుపెట్టే మీట కూడా ఉండాలి. కారు సొంత మ్యాపులో దారి పెడితే తప్ప అది మొదలవ్వదన్న సంగతి నాకు రెండో చలికాలంలో గానీ తెలియలేదు.

5. డీలర్లు అమ్మేటప్పుడు, అద్దె కార్ల సంస్థలు తాళం ఇచ్చేటప్పుడు చలి రేంజి రాసి ఉన్న కాగితం చేతికివ్వాలి. అద్దె కారు విషయం చిన్నదిగా తోచవచ్చు. ఎన్నడూ ఎలక్ట్రిక్ కారు నడపని మనిషి విమానాశ్రయంలో డిసెంబరు రాత్రి దిగి, తనకిచ్చిన బండి ఇదేనని తెలుసుకుని, మంచులో బయలుదేరే సన్నివేశం ఒక్కసారి ఊహించుకోండి.

ఇండియాలోని అధికారులకు కూడా ఒక మాట. మా బావమరిది విజయవాడలో ఎలక్ట్రిక్ కారు కొంటూ నన్ను సలహా అడిగాడు. నిజం చెప్పాలంటే అతనికి చలితో పనిలేదు. లంబసింగిలో చలి చూడటానికి ఏటా ఒకసారి వెళ్తే, అక్కడి చలి కంటే ఘాట్ రోడ్డు ఎక్కడమే బ్యాటరీకి ఎక్కువ బరువు, దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. అతని ఇబ్బంది వేరు. అక్కడ ప్రకటించే రేంజి 90 కిలోమీటర్లకు మించని వేగంతో చేసే పరీక్షది, హైవే మీద అది రాదు. ఈ తేడాను గమనించి టాటా మోటార్స్ 2024 నుంచి పరీక్ష అంకెతో పాటు చాలామంది వినియోగదారులకు నిజంగా వచ్చే రేంజిని కూడా విడిగా చెప్పడం మొదలుపెట్టింది. అది మంచి అలవాటు. దానికే మరో వరుస కలిపి, కాశ్మీరు, లద్దాఖ్, హిమాచల్ కొనుగోలుదారుల కోసం చలి అంకెను ఇప్పుడే తప్పనిసరి చేస్తే, ఇక్కడ మేము పడుతున్న అవస్థ అక్కడివాళ్లు పడనక్కర్లేదు.

ఈ లేఖకు జవాబుగా పాత నాలుగు వాక్యాలు మళ్లీ పంపవద్దని సవినయంగా మనవి. నేను అడుగుతున్నది నష్టపరిహారం కాదు, కారు వెనక్కి తీసుకోమనీ కాదు. మా మోడల్‌కు మైనస్ 7 డిగ్రీల దగ్గర, హీటరు వేసి, మీ పరీక్షలో ఎన్ని మైళ్లు వచ్చాయో ఆ అంకె చెప్పండి. అది మీ దగ్గర ఉంటే అచ్చు వేయండి. లేకపోతే, చలి పరీక్ష చేయకుండానే ఈ కారును షికాగోలో ఎందుకు అమ్మారో చెప్పండి.

ఇట్లు,
నేపర్‌విల్, ఇల్లినాయ్ నుంచి
ఒక ఎలక్ట్రిక్ కారు యజమాని